మూడంగుళాల హెడర్, రెండంగుళాల గొట్టం: కొలవకుండా కలిపే చిట్కాలు

1972 మోడల్ షెవర్లే సీ10 ట్రక్కు కొన్నారు, సంతోషం. డాలస్ శివార్లలో మనవాళ్ళ ఇళ్ళ ముందు టెస్లాలు బారులు తీరి ఉంటాయి గానీ, యాభై ఏళ్ళు దాటిన ట్రక్కు ఎవరింటి ముందుందో చెప్పమనండి. కొన్న నెల తిరక్కుండానే దాని 350 ఇంజనుకు, ఒక్కో సిలిండరు పొగనూ విడి గొట్టంలో బయటకు తీసే తళతళలాడే హెడర్లు తెప్పించారు. అదీ సంతోషమే. పెట్టె విప్పి, హాల్లో సోఫా మీద పడుకోబెట్టి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "కేక అన్నయ్యా" అని తమ్ముళ్ళంతా మెచ్చుకున్నారు. అక్కడివరకూ మీ నడవడిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

చిక్కంతా శనివారం పొద్దున్న బండి కిందకు దూరాక మొదలవుతుంది. హెడర్ తోక మూడంగుళాలు. బండికి మొదటినుంచీ ఉన్న గొట్టం రెండంగుళాల చిల్లర. పైగా రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కొలవమంటారు, కోయమంటారు, తగిన రిడ్యూసర్ కొనమంటారు, అదీ చేతకాకపోతే మఫ్లర్ షాపుకు తీసుకుపొమ్మంటారు. వాళ్ళ మాట వింటే ఆదివారం సాయంత్రానికి పని అయిపోతుంది. ఆ తర్వాత వారాంతాల్లో మీరేం చేస్తారు? అందుకే ఈ చిట్కాలు.

అసలు హెడర్లు ఎందుకని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో ముందు నేర్చుకోండి. 1972కల్లా అమెరికా కార్ల కంపెనీలు హార్స్‌పవర్ లెక్క మార్చేశాయి. అంతకుముందు ఇంజన్ను ఒంటరిగా బల్ల మీద బిగించి, దాని మీద ఏ బరువూ లేకుండా తిప్పి, వచ్చిన అంకెను గొప్పగా వేసుకునేవాళ్ళు. తర్వాత ఆల్టర్నేటరు, ఎయిర్ క్లీనరు, సైలెన్సరు అన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టారు. ఇంజను అదే, కాగితం మీద గుర్రాలు తగ్గాయి. "ఆ ఏడాది మాయమైన గుర్రాలను తిరిగి తెస్తున్నాను" అని చెప్పండి. మీ ఆవిడ నమ్మదు, కానీ వాదించే ఓపికా ఉండదు.

విప్పుడు

ముందు హెడర్లు రావలసిన చోట ఉన్న పాత పోత ఇనుప మ్యానిఫోల్డు ఊడదీయాలి. అర్ధ శతాబ్దంగా కాగి చల్లారీ, కాగి చల్లారీ, బోల్టులు ఇంజను హెడ్డుతో తుప్పు బంధుత్వం కలుపుకుని ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచడం, కాస్త వెచ్చబెట్టడం, కొంచెం విప్పి కొంచెం బిగించి అటూ ఇటూ ఆడించడం లాంటివి ఓపికున్నవాళ్ళ చాదస్తాలు. మీరు పానాకు నాలుగడుగుల గొట్టం తొడిగి ఒక్క ఊపు ఊపండి. టక్కుమందంటే బోల్టు వదిలినట్టే. సగం మీ చేతిలో, సగం హెడ్డులో. లోపలి సగాన్ని డ్రిల్లు వేసి తీయించి, మర మళ్ళీ వేయించడానికి అయ్యే ఖర్చు హెడర్ల ధరతో పోటీ పడుతుంది కాబట్టి, ఆ బిల్లు కూడా హెడర్ల ఖాతాలోనే రాసేసుకోవచ్చు.

విప్పిన మ్యానిఫోల్డును అదే రోజు పాత ఇనుముకు వేసేయండి. అది దళసరిగా, బరువుగా, అసహ్యంగా ఉంటుంది. ఇన్నేళ్ళు చప్పుడు చెయ్యకుండా, కారకుండా పని చేసింది. అలాంటి వస్తువు ఇంట్లో కనబడుతూ ఉంటే మనసు వెనక్కి లాగుతుంది.

కొలతల చాదస్తం

ఎగ్జాస్ట్ గొట్టాలను బయటి వ్యాసంతో పిలుస్తారు. మూడంగుళాల గొట్టమంటే ఈ బయటి అంచు నుంచి ఆ బయటి అంచుకు మూడంగుళాలు. గోడ మందం మిల్లీమీటరున్నర అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి రెండున్నర గొట్టంలోకి రెండున్నర గొట్టం దూరదు, ఒకదాని మూతి సాగదీయించాలి. వ్యాసం తెలియకపోతే గొట్టం చుట్టూ దర్జీ టేపు చుట్టి, వచ్చినదాన్ని 3.14తో భాగిస్తే చాలు. చుట్టుకొలత 9.42 వస్తే మూడంగుళాలు, 7.85 వస్తే రెండున్నర, 7.07 వస్తే రెండుంపావు, 6.28 వస్తే రెండు. బళ్ళో పిల్లలు చేసే లెక్క. అందుకే మీరు చెయ్యకూడదు. ఆఫీసులో సొల్యూషన్ ఆర్కిటెక్టు హోదాలో ఉండి, బండి కింద వెల్లకిలా పడుకుని భాగహారాలు చేస్తే చూసేవాళ్ళకు బాగుండదు.

కంటితో కొలవండి. పాత గొట్టం ముక్క ఒకటి కోసి పట్టుకెళ్ళవచ్చు కదా అనే సందేహం మీకు రావచ్చు. రానివ్వకండి. చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టి, ఆ సున్నా చెదరకుండా ఒంటిచేత్తో కారు నడుపుకుంటూ హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళండి. నేరుగా నీళ్ళ పైపుల వరసలోకి దారి తీయండి. అక్కడ రెండంగుళాలని రాసి ఉన్న ఇనుప పైపు బయటి వ్యాసం నిజానికి 2.375 అంగుళాలు ఉంటుంది. ఆ లోకంలో పేరు వేరు, కొలత వేరు. మీరు మాత్రం అంగుళం ఎక్కడైనా అంగుళమే అన్న సిద్ధాంతం మీద గట్టిగా నిలబడి కొనేయండి. ఇంటికొచ్చాక దూరదు. మళ్ళీ వెళ్ళండి. దుకాణంలోవాళ్ళు మిమ్మల్ని పేరు పెట్టి పలకరించేదాకా వెళ్ళండి. కొత్త దేశంలో నలుగురితో పరిచయం పెరగాలంటే మరి ఎలా?

సమస్య వ్యాసం ఒక్కటేనని నమ్మడం ఇంకా ముఖ్యం. ఫ్యాక్టరీ మ్యానిఫోల్డు మూతి ఇంజను పక్కనే కిందకు చూస్తూ ఉంటుంది. పొడుగు హెడర్లయితే ఒక్కో వైపు నాలుగు గొట్టాలూ కిందకు దిగి, వెనక్కి తిరిగి, ఎక్కడో గేర్‌బాక్సు పక్కన కలుస్తాయి. పాత గొట్టం మొదలయ్యే చోటుకూ హెడర్ తోక తేలే చోటుకూ మధ్య జానెడో మూరెడో తేడా వస్తుంది. ఎత్తు వేరు, వాలు వేరు. పైగా ఆ కాలపు సీ10ల్లో చాలావాటికి సిలిండర్లు ఎనిమిదైనా సైలెన్సర్ ఒక్కటే. రెండు వైపుల నుంచీ వచ్చిన గొట్టాలు కింద ఒకటై వెనక్కి పోతాయి. హెడర్లకేమో తోకలు రెండు. ముందు భాగం కోసి కొత్తగా కట్టించుకోక తప్పదని టేపు పట్టినవాడికి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మీకు నెల పడుతుంది. ఆ నెలలో ఎంత అనుభవం!

మామగారు ఊళ్ళో ఉంటే

ఈ పనికి అతి పెద్ద అడ్డంకి ఆరు నెలల వీసా మీద వచ్చిన మామగారు. అందులోనూ ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీలతో జీవితం గడిపిన మనిషైతే మీ పని అయినట్టే. కాఫీ గ్లాసు పట్టుకుని గ్యారేజీ గుమ్మంలో నిలబడతారు. కాసేపు ఏమీ అనరు. తర్వాత మొదలుపెడతారు.

"అల్లుడుగారూ, గొట్టం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలో తీగ వంచి చూసుకున్నారా?"

"మామగారూ, ఇది అమెరికా బండండీ."

"అయితే మాత్రం, పొగ వెనక్కే కదండీ పోవాలి?"

మీరు జవాబు వెతుక్కునేలోపు ఆయన లోపలికి వెళ్ళి డ్రైక్లీనింగ్ వాళ్ళిచ్చిన తీగ హ్యాంగర్ ఒకటి తెస్తారు. కొక్కెం విరిచి, తిన్నగా చేసి, పంచె మోకాళ్ళ పైకి మడిచి బండి కిందకు ఒరుగుతారు. హెడర్ తోక మధ్యలో తీగ కొస ఆనించి, అడ్డంగా ఉన్న చట్రాన్ని తప్పించడానికి ఒక వంపు, గేర్‌బాక్సు కింద ఇంకో వంపు, సైలెన్సర్ మూతికి తిరిగే చోట మరొకటి. ప్రతి వంపు దగ్గరా సుద్దముక్కతో గీత. తీగను బయటకు లాగి నేల మీద పెడితే, కావలసిన గొట్టం బొమ్మ అక్కడ ఉంటుంది. "ఇది పట్టుకెళ్ళి గొట్టం వంచే మిషనున్న షాపులో చూపించండి. తెచ్చాక బండి మీదే ఉంచి నాలుగు చోట్ల టాక్ వెయ్యండి. కిందకు దించి అప్పుడు చుట్టూ వెల్డు చెయ్యండి. ముందే చుట్టూ చేసేస్తే వేడికి గుంజుకుని వంకర పోతుంది" అంటారు.

ఈ ప్రమాదం నుంచి బయటపడే మార్గం ఒక్కటే. ఆ తీగను చిన్నపిల్లలకు గుచ్చుకుంటుందని చెప్పి చెత్తబుట్టలో పడేసి, మామగారిని తెలుగు వార్తల ఛానెల్ ముందు కూర్చోబెట్టండి. భోజనాల దగ్గర "నాన్న చెప్పినట్టు చేస్తే పోయేది కదా" అని మీ ఆవిడ అంటుంది. అప్పుడు ఏరోడైనమిక్స్ అన్న మాట వాడండి.

అతుకు

కొన్ని హెడర్ల పెట్టెలోనే మూడు బోల్టుల ఫ్లాంజితో రిడ్యూసర్ వస్తుంది. రాకపోయినా 20, 30 డాలర్లలో దొరుకుతుంది. ఒక కొస మూడంగుళాలు, రెండో కొస రెండున్నరో రెండుంపావో. మెట్టులా ఒక్కసారి కాకుండా వాలుగా సన్నబడుతుంది కాబట్టి వాయువు తడబడకుండా సాగుతుంది. మూడంగుళాల గొట్టం నోరు రెండంగుళాల గొట్టం నోటికి రెండుంపావు రెట్లు పెద్దది. ఆ తేడాను ఒక చోట సర్దే వస్తువు అది. దాన్ని చూడగానే మీకు పౌరుషం రావాలి. వందల డాలర్లు పోసి హెడర్లు కొన్నవాడు ఈ గరాటు ముక్కకు డబ్బు తగలేస్తాడా? హెడర్లు బానెట్ ఎత్తితే కనబడతాయి. ఇది బండి కింద ఉంటుంది, ఎవడు చూస్తాడు?

మీ దగ్గర కూల్‌డ్రింకు డబ్బా ఉంది. పైనా కిందా కోసి, నిలువునా చీల్చి, రేకు చేసి సందు మీద చుట్టండి. రెండు కొసల్లో రెండు హోస్ క్లాంపులు బిగించండి. ఆ రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. లోడు మీద ఇంజను వదిలే వాయువు 600 దాటడం మామూలే. మిగిలిన అరవై డిగ్రీలూ మీవే.

ఇంకా సందులు ఉంటే ఎర్ర సిలికోన్ పూయండి. చాలా ట్యూబుల మీద 340 డిగ్రీల వరకూ అని ఉంటుంది, కానీ ట్యూబు మీద రాసినవన్నీ చదివితే పని సాగదు. సూట్‌కేసులో ఊరినుంచి తెచ్చుకున్న ఎమ్‌సీల్ ఉంటే మరీ మంచిది. నీళ్ళ ట్యాంకుకు పనికొచ్చింది ఎగ్జాస్టుకు పనికిరాదా? వేసిన రోజు రాయిలా బిగుసుకుంటుంది. రెండో రోజు వాసన వేస్తుంది. మూడో రోజు ఫ్రీవే మీద వెనకాల వచ్చేవాళ్ళకు అంది వస్తుంది.

క్లాంపుల్లో కూడా తరతమాలు ఉన్నాయంటారు. వెడల్పాటి పట్టీ ఉన్న బ్యాండ్ క్లాంపు గొట్టాన్ని చుట్టూ సమానంగా పట్టుకుంటుందనీ, రేపు విప్పాలంటే విప్పుకోవచ్చనీ. యూ బోల్టు క్లాంపు గొట్టాన్ని నొక్కి గాడి పడేస్తుందనీ, ఆ గాడి వల్ల లోపలి గొట్టం ఇక జన్మలో బయటకు రాదనీ. సరిగ్గా అందుకే యూ బోల్టు వాడమంటున్నాను. ఒకసారి వేసిన అతుకు మళ్ళీ విప్పుకుంటామా? బిగించాక ఇంకా కారితే ఇంకా బిగించండి. గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వచ్చాక ఆపండి.

ఏ గొట్టం దేనిలోకి దూరాలన్న ప్రశ్న కూడా లేవనెత్తుతారు. ఇంజను వైపు గొట్టం లోపల, సైలెన్సర్ వైపుది బయట ఉండాలట. పెంకుటింటి మీద పై వరస పెంకు కింది వరసను కప్పుతుంది కాబట్టే వాన లోపలికి దిగదు, ఇక్కడ కూడా ప్రవాహం దిక్కు చూసుకోవాలట. మీరు ఏది దేనిలో పడితే దాన్ని దూర్చండి. వాయువు సందులోకి ఎదురు తగిలి కారితే అది వాయువు తప్పు.

ఈ ఒక్క భాగం నిజంగా చదవండి

వెటకారం ఇక్కడ పక్కన పెడతాను. దీని కింద ఉన్నది మాత్రం ఉన్నదున్నట్టు చెయ్యండి.

అతుకులోంచి కారేది ఉత్త చప్పుడు కాదు, కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, తర్వాత మత్తు. మత్తు వచ్చాక అద్దం దించాలన్న ఆలోచన రాదు. హెడర్ తోక సరిగ్గా మీ కాళ్ళ కింద ఉంటుంది. పాత ట్రక్కుల్లో నేల రేకు తుప్పు తినని బండి అరుదు, గేర్ రాడ్డు చుట్టూ రబ్బరు చినిగి ఉండటమూ మామూలే. గ్యారేజీ తలుపు మూసి ఇంజను తిప్పవద్దు. తలుపు తీసినా లోపల తిప్పవద్దు, బండి బయటకు తీసి చూడండి. క్యాబులో బ్యాటరీతో నడిచే చిన్న డిటెక్టర్ ఒకటి పెట్టుకోండి.

నీళ్ళ పైపుల్లో తెల్లగా మెరిసేవి జింకు పూత వేసిన గాల్వనైజ్డ్ పైపులు. వాటిని వెల్డు చేస్తే జింకు ఆవిరై తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చినవాళ్ళకు ఆ రాత్రికల్లా చలి జ్వరం, ఒళ్ళు నొప్పులు. ఎగ్జాస్టుకు ఆ పైపు వాడనే వద్దు.

మరొకటి. 1967 నుంచి 1972 వరకూ వచ్చిన సీ10 ట్రక్కుల్లో పెట్రోలు ట్యాంకు ఉండేది క్యాబు లోపలే, సీటు వెనకాల. మీ వీపుకూ దానికీ మధ్య సీటు దూదే అడ్డం. 1973 మోడల్‌తో గానీ దాన్ని క్యాబులోంచి బయటకు మార్చలేదు. ఆ బండి కింద వెల్డింగ్ చేసేటప్పుడు పెట్రోలు వాసన ఏమాత్రం తగిలినా ఆపండి. చేతికందేంత దూరంలో మంటలార్పే సిలిండరు ఉండాలి. బండిని జాకీ మీద ఒక్కదాని మీదే నిలబెట్టి కిందకు దూరవద్దు, స్టాండ్లు వెయ్యండి.

సరే, మళ్ళీ మన దారికి వద్దాం.

బిగింపు

చిన్న బ్లాకు షెవర్లే ఇంజనుకు హెడర్ బోల్టులు మామూలుగా 20 నుంచి 25 ఫుట్-పౌండ్ల దగ్గర ఆపుతారు. మధ్యలోంచి మొదలుపెట్టి బయటి కొసలకు వస్తారు. ఇంజను వేడెక్కి చల్లారాక మళ్ళీ ఒక చుట్టు బిగిస్తారు, ఎందుకంటే గ్యాస్కెట్టు మొదటి వేడికి అణుగుతుంది. మీరు ఇంపాక్ట్ గన్ను పెట్టి ఒక కొస నుంచి వరసగా కానిచ్చేయండి. ఫ్లాంజి అరటి డొప్పలా వంగితే వంగనివ్వండి, మళ్ళీ బిగించాలంటే వేడి గొట్టాల మధ్య చెయ్యి పట్టదు కదా.

ఎడమ పక్క 5, 7 నంబరు సిలిండర్ల దగ్గర స్పార్క్ ప్లగ్గులకు చోటు ఉండదు. ప్లగ్గు వైరు హెడర్ గొట్టానికి ఆనుకుంటే రబ్బరు కరిగి ఇంజను ఏడు సిలిండర్ల మీద నడుస్తుంది. ఆ వణుకే పాత బండ్ల అందమని అతిథులకు చెప్పండి. కుడి పక్క వెనకాల స్టార్టర్ మోటారు ఉంది. హెడర్ వేడికి అది ఉడికి, వేసవి మధ్యాహ్నం పెట్రోలు బంకులో మొరాయిస్తుంది. రేకుతో వేడి అడ్డం కట్టమని కొందరంటారు. అరగంట ఆగితే అదే చల్లబడుతుంది. ఆ అరగంటలో చుట్టూ చేరినవాళ్ళకు బండి చరిత్ర చెప్పవచ్చు.

ఇక గొట్టాన్ని చట్రానికి కట్టడం. మీటరు పొడవున్న ఉక్కు గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇంజనేమో రబ్బరు మౌంట్ల మీద కూర్చుని యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పక్కకు ఒరుగుతుంది. అందుకే రబ్బరు హ్యాంగర్లు, మెలితిరిగే ఫ్లెక్స్ ముక్క, గోళం మూతి ఫ్లాంజి లాంటి వేషాలు. మన దారిలో అవేవీ లేవు. గొట్టాన్ని చట్రానికి నేరుగా వెల్డు చేసేయండి, కదలకుండా. గొట్టం పెరగాలి, చోటు లేదు. ఇంజను ఒరగాలి, గొట్టం వదలదు. చివరికి హెడర్ తోక వెల్డింగు దగ్గర సన్నటి పగులు తీస్తుంది. హెడర్ల నాణ్యత బాగాలేదని కంపెనీవాళ్ళకు ఘాటుగా మెయిల్ రాయడానికి అదే మంచి సమయం.

హెడర్ల చుట్టూ గుడ్డ పట్టీ చుట్టించడం కూడా మర్చిపోకండి. వేడి లోపలే ఉంటుంది, నిజమే. వాన పడితే తడీ లోపలే ఉంటుంది, పట్టీ కింద మామూలు ఉక్కు గుట్టుగా తుప్పు పడుతుంది. పట్టీ చుడితే వారంటీ చెల్లదని చాలామంది తయారీదారులు ముందే రాస్తారు. ఎలాగూ వారంటీ కాగితం సోఫా మీద ఫొటో తీసిన రోజే పోయింది.

చప్పుడు వచ్చినప్పుడు

పొద్దున్నే చల్లటి ఇంజను తిప్పగానే టిక్కు టిక్కుమంటుంది. పది నిమిషాలకు ఆగిపోతుంది. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుంది, అంతే. ఇది తెలిసినవాడు ఫ్లాంజి దగ్గర నల్లటి మసి చార కోసం వెతుకుతాడు. మీరు వాల్వులు చప్పుడు చేస్తున్నాయని తేల్చి వాల్వ్ కవర్లు విప్పండి. లోపల అంతా బాగానే ఉంటుంది. విప్పారు కాబట్టి ఇప్పుడు అక్కణ్ణుంచి నూనె కారుతుంది.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనకాల టప్ టప్‌మని పేలితే, అతుకులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటోందని అర్థం. గొట్టంలో వాయువు ఒకే ధారగా పోదు, దెబ్బ తర్వాత దెబ్బగా పోతుంది. ఒక్కో దెబ్బ వెనకాల ఒత్తిడి తగ్గిన ఖాళీ ఉంటుంది. హెడర్ల కిటుకంతా ఆ ఖాళీలోనే ఉంది. ఒక సిలిండరు వదిలిన దెబ్బ వెనక ఖాళీ పక్క సిలిండరు పొగను లాగాలి. ఈ ఇంజను వెలిగే వరస 1-8-4-3-6-5-7-2. ఎడమ పక్క 5, 7 వెంటవెంటనే వెలుగుతాయి, కుడి పక్క 8, 4. పాత మ్యానిఫోల్డు ఇరుకు గదిలో ఆ జంటలు ఒకదాని మీద ఒకటి పొగ ఊదుకుంటాయి. విడివిడి గొట్టాలు ఇస్తే ఆ గొడవ తీరుతుంది. కారే అతుకు పెడితే ఆ ఖాళీలోకి బయటి గాలి వచ్చి కూర్చుంటుంది. అంటే హెడర్లు కొన్నదెందుకో, అతుకు సరిగ్గా దానికే ఎసరు పెడుతుంది. ఈ సంగతి ఎవరైనా విడమరిచి చెబితే టీ తాగుతారా అని అడగండి.

ఇక బండి లాగడం లేదని అనిపించినప్పుడు వాడుకోవడానికి రెండు మాటలు. గొట్టం మరీ సన్నగా ఉంటే, "ఇంజనుకు కాస్త బ్యాక్ ప్రెషర్ ఉండాలి బ్రో" అనండి. మరీ లావుగా ఉంటే, "ఫ్రీ ఫ్లో" అనండి. ఇంజనుకు కావలసింది వాయువు వేగమనీ, ఎదురు ఒత్తిడి ఏ ఇంజనుకూ మేలు చెయ్యదనీ తెలిసినవాళ్ళు గుంపులో ఒకరిద్దరు ఉంటారు. ఈ రెండు మాటలూ ఒకే సాయంత్రం ఒకే నోట్లోంచి రాకుండా జాగ్రత్తపడితే వాళ్ళకు దొరకరు.

చట్టం, స్పీడ్ బ్రేకరు, అమ్మకం

చట్టం మీ పక్షాన ఉంది. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత వాడకపు బండ్లకు ఏటేటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేశారు. పొగ పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా 24 ఏళ్ళు దాటిన బండికి ఆ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలోని బావగారికి కూడా బెంగ అక్కర్లేదు, 1975, అంతకు ముందు మోడళ్ళకు అక్కడ స్మాగ్ చెక్ లేదు. మఫ్లర్ సరిగ్గా పనిచేస్తూ ఉండాలన్న నిబంధన మాత్రం టెక్సాస్‌లో అలాగే ఉందనుకోండి. అది గుర్తు చెయ్యడానికి పోలీసులు రానక్కర్లేదు, పొద్దున్న ఆరింటికి మీరు బండి తీసిన మర్నాడే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, అదే హెచ్‌ఓఏ వాళ్ళ ఉత్తరం వస్తుంది.

పొడుగు హెడర్లు బండి కింద ఎక్కువ భాగాల కంటే కిందకు వేలాడతాయి. స్టయిలుగా ఉంటుందని బండిని రెండంగుళాలు దించారు కదా. ఇండియన్ గ్రోసరీ స్టోరు పార్కింగులో స్పీడ్ బ్రేకరు మీదకు మామూలు వేగంతోనే ఎక్కించండి. ముందు చక్రాలు దాటుతాయి. తర్వాత ఒక శబ్దం వస్తుంది. కరివేపాకు కట్టలు పట్టుకుని బయటికి వస్తున్నవాళ్ళంతా ఒక్కసారి ఆగి చూస్తారు. కూల్‌డ్రింకు డబ్బా అతుకు అక్కడే ఉండిపోతుంది, ఇంజను గొంతు దాచుకోవడానికి ఇక అడ్డమేమీ ఉండదు. తల తిప్పకుండా ఇంటికి వచ్చేయండి.

అమ్మేసే ఆలోచన ఎలాగూ ఆ సాయంత్రమే వస్తుంది. ప్రకటనలో ఇలా రాయండి: "నిపుణుడి చేతుల మీద పెరిగిన బండి. కొత్త హెడర్లు. చిన్న ఎగ్జాస్ట్ లీకు, ఎవరైనా పది నిమిషాల్లో సరి చేసుకోవచ్చు. తక్కువ బేరాలు వద్దు, నా దగ్గర ఏముందో నాకు తెలుసు." పది నిమిషాల పనైతే మీరే ఎందుకు చెయ్యలేదని కొనేవాడు అడుగుతాడు. తీరిక లేక అని చెప్పండి.

బేరం కుదిరేలా ఉంటే, డబ్బు చేతిలో పడకముందే, హెడర్లు విప్పి అట్టపెట్టెలో దాచేసుకోండి. పాత మ్యానిఫోల్డు మళ్ళీ బిగించి ఇవ్వాలి గనక, పాత ఇనుము కొట్టుకు వెళ్ళి అది ఇంకా అక్కడే ఉందేమో అడిగి, వాళ్ళు చెప్పిన ధరకు కొనుక్కోండి. హెడర్లు వృథా పోవు. మీ కన్ను ఇప్పటికే 1966 ఫోర్డ్ ఎఫ్-100 మీద పడిందని నాకు తెలుసు. దానికీ వీ8 ఇంజనే, సిలిండర్లు ఎనిమిదే. పట్టకపోవడానికి కారణమేమీ కనబడదు.